గాయాల వ్యాజ్యాలలో వైద్య చిత్రాల సాక్ష్య విలువ: బోథ్ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు, పని ప్రదేశాల్లో జరిగే ప్రమాదాల కారణంగా కోర్టుకు చేరే వ్యాజ్యాలలో ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఎంఆర్‌ఐ చిత్రాలు ప్రధాన సాక్ష్యాలుగా నిలుస్తున్నాయి. ఎముక విరిగిందా లేదా అన్న ప్రశ్నకు ఫిల్మ్ సమాధానం చెప్పగలదు. ఆ ఎముక ఎవరిది, ఎప్పుడు విరిగింది, దేనివల్ల విరిగింది, దానివల్ల బాధితుని బతుకుతెరువు ఎంతమేర దెబ్బతిన్నది అన్న ప్రశ్నలకు మాత్రం ఫిల్మ్ ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఆ సమాధానాలు వైద్యుని వాంగ్మూలం, ఆసుపత్రి రికార్డులు, బాధితుని వృత్తికి సంబంధించిన ఆధారాల నుంచి రావాలి. ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ వంటి ప్రాంతాలలో ఈ ఆధారాల మధ్య సంబంధం ఎక్కడ తెగిపోతున్నదో, దానిని నిలుపుకొనే మార్గాలేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వైద్య చిత్రాలు, ఎక్స్‌రే, నిపుణుల సాక్ష్యం, మోటారు ప్రమాదాల నష్టపరిహారం, శాశ్వత వైకల్యం, భారతీయ సాక్ష్య అధినియమం, బోథ్.

1. ఉపోద్ఘాతం

బోథ్ ఆదిలాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయిన శాసనసభ నియోజకవర్గానికి కూడా ఇదే కేంద్రం. హైదరాబాదును నాగపూరుతో కలిపే 44వ జాతీయ రహదారి ఈ ప్రాంతంలో నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా సాగుతుంది. నేరడిగొండ నుంచి లోపలికి వెళ్తే బోథ్ వస్తుంది. గోండులు, కొలాములు, లంబాడాలు, ఇతర వ్యవసాయ కుటుంబాలు నివసించే ఈ ప్రాంతంలో పత్తి, సోయాబీన్ ప్రధాన పంటలు. ఇక్కడి జీవనం శారీరక శ్రమపైనే ఎక్కువగా ఆధారపడి ఉంది. అందువల్ల ఒక కాలో చెయ్యో దెబ్బతినడం అంటే కుటుంబ ఆదాయం దెబ్బతినడమే.

రహదారిపై ప్రమాదం జరిగినప్పుడు క్షతగాత్రుడు ఒకే ఆసుపత్రిలో చికిత్స పొందడం అరుదు. ప్రథమ చికిత్స ఒకచోట, ఎక్స్‌రే మరొకచోట, శస్త్రచికిత్స ఇంకొకచోట జరుగుతాయి. గాయం తీవ్రతను బట్టి ఆదిలాబాద్‌లోని రిమ్స్‌కో, నిర్మల్‌కో, హైదరాబాదుకో, సరిహద్దు దాటి మహారాష్ట్రలోని యవత్మాల్, నాగపూర్ ఆసుపత్రులకో వెళ్లవలసి వస్తుంది. ప్రతి మజిలీలోనూ ఒక చిత్రం, ఒక చీటీ పుడతాయి. నెలలు గడిచాక న్యాయమూర్తి ముందుకు వచ్చేది ఈ చీటీల కట్టే. వైద్య చిత్రాల సాక్ష్య విలువను పరిశీలించేటప్పుడు చిత్రంలోని స్పష్టతతో పాటు ఈ ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

2. న్యాయస్థానంలోకి ఎక్స్‌రే ప్రవేశం

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మూడు నెలలైనా నిండకముందే అవి న్యాయ ప్రక్రియలో ఉపయోగపడ్డాయి. కెనడాలోని మాంట్రియల్‌లో కాలికి తుపాకి గుండు తగిలిన వ్యక్తికి మెక్‌గిల్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ కాక్స్ 1896 ఫిబ్రవరిలో ఎక్స్‌రే తీశాడు. వైద్యులు వెదికినా దొరకని గుండు అందులో కనిపించింది. ఆ తరువాత కాల్పుల కేసు విచారణలో ఆ ఫలకం సాక్ష్యంగా నిలిచింది.

అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని డెన్వర్‌లో ఒక సివిల్ వ్యాజ్యం విచారణకు వచ్చింది. తొడ ఎముక విరిగిన సంగతిని శస్త్రవైద్యుడు గుర్తించలేదన్నది వాది ఆరోపణ. ఛాయాచిత్రం సాక్ష్యంగా చెల్లాలంటే అందులోని దృశ్యాన్ని కళ్లారా చూసినవారు అది యథాతథమని చెప్పాలన్నది అప్పటి నియమం. శరీరం లోపలి ఎముకను చూసిన సాక్షి ఎవరూ ఉండరు కనుక ఎక్స్‌రేను అనుమతించరాదని ప్రతివాది పక్షం వాదించింది. న్యాయమూర్తి ఓవెన్ లెఫెవర్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి చిత్రాలను అనుమతించాడు.

నాటి అభ్యంతరం వీగిపోయినా దాని వెనుక ఉన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎక్స్‌రేను మామూలు మనిషి చదవలేడు. దానిని చదివి చెప్పే నిపుణుడు కావాలి. భారత సాక్ష్య చట్టం, 1872లోని 45వ సెక్షను నిపుణుల అభిప్రాయానికి చోటు కల్పించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో 39వ సెక్షను ఆ స్థానాన్ని తీసుకున్నది. నిపుణుని అభిప్రాయం న్యాయస్థానానికి సలహా వంటిదే గాని తీర్పు కాదని, అభిప్రాయంతో పాటు దానికి దారితీసిన ఆధారాలను, హేతువులను కూడా నిపుణుడు కోర్టు ముందుంచాలని రమేశ్ చంద్ర అగర్వాల్ వర్సెస్ రీజెన్సీ హాస్పిటల్ కేసులో (2009) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

3. ఒకే ఫిల్మ్, రెండు న్యాయస్థానాలు

ఒకే గాయం రెండు వేర్వేరు విచారణలకు దారితీయవచ్చు. మొదటిది క్రిమినల్ కేసు. ఇది సాధారణంగా బోథ్‌లోని మేజిస్ట్రేట్ కోర్టు పరిధిలోకి వస్తుంది. రెండవది మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను కింద వేసే నష్టపరిహార పిటిషను. దీనిని ఆదిలాబాద్‌లోని జిల్లా స్థాయి ట్రిబ్యునల్ విచారిస్తుంది.

క్రిమినల్ చట్టంలో ఎముక విరగడానికి ప్రత్యేక స్థానం ఉంది. ఎముక లేదా పన్ను విరగడం, కీలు తొలగడం తీవ్ర గాయంగా పరిగణింపబడతాయి. భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షనులో ఉన్న ఈ నిర్వచనం భారతీయ న్యాయ సంహిత, 2023లో 116వ సెక్షనుగా కొనసాగుతున్నది. తీవ్రమైన నొప్పితో గడిపిన కాలానికి లేదా రోజువారీ పనులు చేసుకోలేని కాలానికి సంబంధించిన 20 రోజుల గడువును కొత్త చట్టం 15 రోజులకు తగ్గించింది. స్వచ్ఛందంగా సాధారణ గాయం చేసినందుకు గరిష్ఠ శిక్ష ఒక సంవత్సరం కాగా, తీవ్ర గాయానికి ఏడు సంవత్సరాలు. అంటే ఫిల్మ్‌పై కనిపించే సన్నని గీత ఒకటి నిందితుని శిక్షా పరిమితిని ఏడు రెట్లు చేయగలదు. అందువల్లనే క్రిమినల్ కోర్టులు ఎక్స్‌రే ఫిల్మ్‌ను, దానిని చదివిన వైద్యుని వాంగ్మూలాన్ని పట్టుబట్టి అడుగుతాయి. గాయాల ధ్రువపత్రంలో ఎముక విరిగిందని రాసి ఉన్నా, దానికి ఆధారమైన ఫిల్మ్ కోర్టుకు రాకపోతే ఆ మాట బలహీనపడుతుంది.

ట్రిబ్యునల్ విచారణ స్వభావం వేరు. 169వ సెక్షను ప్రకారం అది సంక్షిప్త విచారణ పద్ధతిని అనుసరించవచ్చు. ఇక్కడ నేరం సందేహాతీతంగా రుజువు కానవసరం లేదు. సంభావ్యత ఏ పక్షాన ఎక్కువగా ఉన్నదో చూస్తే చాలు. అయితే రుజువు చేయవలసిన విషయం మాత్రం మరింత విస్తృతమైనది. క్రిమినల్ కేసులో ఎముక విరిగిందని తేలితే గాయం స్వభావానికి సంబంధించిన ప్రశ్న తీరిపోతుంది. నష్టపరిహారంలో అసలు ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది. ఆచరణలో మరొక చిక్కు కూడా ఉంది. అసలు ఫిల్మ్ పోలీసు రికార్డుతో పాటు క్రిమినల్ కోర్టుకు చేరితే ట్రిబ్యునల్ ముందు నకలే మిగులుతుంది. అసలు ఎక్కడున్నదో పిటిషనులోనే పేర్కొని, దానిని తెప్పించమని కోరడం బాధితుని న్యాయవాది బాధ్యత.

4. చిత్రం చెప్పగలిగేది, చెప్పలేనిది

4.1 కనిపించని గాయం

ఎక్స్‌రే ఎముకను చక్కగా చూపుతుంది. స్నాయువులు, నరాలు, మెదడు కణజాలం వంటి మెత్తని భాగాలను ఆ స్థాయిలో చూపలేదు. ఎముక విషయంలోనూ ఒకే దిశ నుంచి తీసిన చిత్రం సరిపోదు. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయడం, విరిగిందని అనుమానించిన ఎముకకు పైనా కిందా ఉన్న కీళ్లు చిత్రంలో ఉండేలా చూడడం ప్రామాణిక పద్ధతి. మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముకలో పగులు మొదటిరోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే అనుమానం ఉన్నప్పుడు 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ చిత్రం తీస్తారు. మొదటి చిత్రం ఆధారంగా సాధారణ గాయమని రాసిన ధ్రువపత్రాన్ని రెండవ చిత్రం మార్చివేయగలదు. ఆ మార్పును తుది అభిప్రాయంగా నమోదు చేయించకపోతే, ఒకే గాయంపై రెండు పరస్పర విరుద్ధ పత్రాలు కోర్టులో ఎదురెదురుగా నిలుస్తాయి.

తల గాయాలలో ఈ పరిమితి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సీటీ స్కాన్ పుర్రె పగుళ్లను, తాజా రక్తస్రావాన్ని త్వరగా పట్టుకుంటుంది. మెదడు నాడీతంతువులు తెగిన సందర్భాలలో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. కొన్ని ఎంఆర్‌ఐ పద్ధతులలోనే ఆ జాడలు బయటపడతాయి. కనుక స్కాన్ మామూలుగా ఉన్నదన్న ఒక్క వాక్యం ఆధారంగా బాధితుని మతిమరుపునో, తలతిరుగుడునో నటనగా తోసిపుచ్చడం శాస్త్రీయం కాదు.

4.2 పాత మార్పు, కొత్త గాయం

చిత్రంలో కనిపించిందల్లా ప్రమాదం వల్ల వచ్చినదే అనుకోవడం రెండవ పొరపాటు. వెన్నెముక ఎంఆర్‌ఐ ఇందుకు మంచి ఉదాహరణ. నడుము నొప్పి ఏమీ లేనివారిపై జరిగిన పరిశోధనలను సమీక్షించి 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీ ప్రచురించిన వ్యాసం ప్రకారం, వెన్నుపూసల మధ్య డిస్కు అరుగుదల 20 ఏళ్లవారిలో 37 శాతం మందిలో, 80 ఏళ్లవారిలో 96 శాతం మందిలో కనిపించింది. నొప్పి లేనివారిలోనే ఇంతగా కనిపించే మార్పును ప్రమాదానికి రుజువుగా చూపితే ఎదుటి పక్షం దానిని తేలికగా ఖండించగలదు. అదే వాస్తవాన్ని బాధితుని వైపు నుంచి కూడా చూడవచ్చు. ప్రమాదానికి ముందు అరుగుదల ఉన్నా నొప్పి లేకుండా పత్తి మోపులు మోసిన మనిషి, ప్రమాదం తరువాత వంగలేకపోతే, ఆ తేడాను అతని పని చరిత్ర ద్వారా నిరూపించవచ్చు.

ఎముక విషయంలో గాయం వయస్సును కొంతమేర అంచనా వేయవచ్చు. తాజాగా విరిగిన ఎముక అంచులు పదునుగా ఉంటాయి. పెద్దవారిలో సుమారు రెండు మూడు వారాలకు అతుకు ఎముక జాడలు ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతుంది. తరువాత నెలల కాలంలో అది గట్టిపడి రూపు దిద్దుకుంటుంది. ఇది తేదీని చెప్పే గడియారం కాదు. వయస్సు, పోషణ, చికిత్సలను బట్టి మారే స్థూలమైన అంచనా మాత్రమే.

పల్లెల్లో దెబ్బ తగిలిన వెంటనే పసరు కట్టు కట్టించుకుని, నొప్పి తగ్గనప్పుడు ఆసుపత్రికి వెళ్లేవారు ఉన్నారు. వారి మొదటి ఎక్స్‌రేలోనే అతుకు ఎముక కనిపిస్తుంది. అది పాత గాయమని, లేదా ఎముక వంకరగా అతకడానికి నాటు కట్టే కారణమని బీమా సంస్థ వాదించే అవకాశం ఉంది. ఈ సందర్భంలో కట్టు సంగతిని దాచడం వల్ల కేసుకు హాని జరుగుతుంది. ప్రమాదం తేదీ, కట్టు కట్టిన తేదీ, ఎక్స్‌రే తేదీలను వరుసగా చెప్పినప్పుడు అతుకు ఎముక దశ ఆ కాలక్రమంతో సరిపోతుందో లేదో వైద్యుడు వివరించగలడు. అప్పుడు పాత గాయమన్న వాదనకు ఫిల్మే సమాధానమవుతుంది.

5. చిత్రాన్ని వ్యక్తితో ముడివేయడం

ట్రిబ్యునల్‌లో పిటిషనరు పత్రాలకు ఏ-1, ఏ-2 అంటూ గుర్తులు వేస్తారు. ఎక్స్‌రే ఫిల్మ్ కూడా అలాగే గుర్తు పొందుతుంది. గుర్తు వేసినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్లు కాదు. అడ్డ ప్రశ్నలలో మొదట ఎదురయ్యేది గుర్తింపు సమస్య. ఫిల్మ్‌పై పేరు, వయస్సు, లింగం, తేదీ, ఆసుపత్రి పేరు, మెడికో-లీగల్ కేసు సంఖ్య, కుడి ఎడమల గుర్తు ఉన్నాయా? ఆ వివరాలు ఎక్స్‌రే రిజిస్టరుతో, డిశ్చార్జ్ సమ్మరీతో సరిపోతున్నాయా? ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు పలువురు ఉండే గ్రామాలలో తండ్రి పేరో, వయస్సో తేడాగా పడితే చాలు, సందేహానికి తావు ఏర్పడుతుంది.

రెండవ సమస్య భాషకు సంబంధించినది. గోండి లేదా కొలామి మాతృభాషగా గల క్షతగాత్రుడు తెలుగులో చెప్పిన పేరును ఒకచోట ఆంగ్లంలో, మరొకచోట మరాఠీలో రాస్తారు. ఒకే మనిషి మూడు రికార్డులలో మూడు వర్ణక్రమాలతో కనిపించవచ్చు. పక్క రాష్ట్రంలో చికిత్స పొందినవారు ఆధార్‌లోని పేరుతో ఆసుపత్రి రికార్డులోని పేరు సరిపోయేలా డిశ్చార్జ్ సమయంలోనే సరిచేయించుకోవడం మేలు. ప్రమాదం ఎక్కడ జరిగినా పిటిషనరు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించేందుకు 166(2) సెక్షను వీలు కల్పిస్తుంది. కాబట్టి మహారాష్ట్రలో గాయపడిన బోథ్ వాసి కూడా ఆదిలాబాద్‌లో పిటిషను వేసుకోవచ్చు. అయితే అక్కడి వైద్యుని సాక్ష్యం ఇక్కడికి ఎలా చేరుతుందన్నది వేరే ప్రశ్న.

6. డిజిటల్ చిత్రం తెచ్చిన కొత్త ప్రశ్నలు

పాత పద్ధతిలో కిరణాలు నేరుగా ఫిల్మ్‌పై పడి చిత్రం ఏర్పడేది. ఆ ఫిల్మే అసలు పత్రం. నేటి డిజిటల్ యంత్రంలో అసలు చిత్రం కంప్యూటరు ఫైలుగా ఉంటుంది. చేతికి వచ్చే ఫిల్మ్ దాని ముద్రిత ప్రతి. 1993 నుంచి డైకామ్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ప్రమాణంలో ఈ ఫైళ్లు భద్రమవుతాయి. చిత్రంతో పాటు రోగి పేరు, పరీక్ష తేదీ, సమయం, యంత్రం వివరాలు, ఆ పరీక్షకు మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య అందులో ఇమిడి ఉంటాయి. అదే చిత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే బొమ్మ మిగులుతుంది గాని ఈ వివరాలు మిగలవు. సీటీ, ఎంఆర్‌ఐలలో వందలాది పొరలు ఉంటాయి. ఫిల్మ్‌పై ముద్రించినవి వాటిలో ఎంచిన కొన్ని మాత్రమే.

ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి ధ్రువపత్రం అవసరమని అన్వర్ వర్సెస్ బషీర్ (2014), అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ (2020) తీర్పులు నిర్ధారించాయి. రికార్డు ఉన్నవారు ధ్రువపత్రం ఇవ్వడానికి నిరాకరిస్తే, దానిని ఇప్పించమని కోర్టును ఆశ్రయించవచ్చని రెండవ తీర్పు దారి చూపింది. కొత్త సాక్ష్య అధినియమంలోని 63(4) సెక్షను ధ్రువపత్రాన్ని రెండు భాగాలుగా నిర్దేశించింది. మొదటి భాగాన్ని రికార్డు సమర్పించే పక్షం, రెండవ భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలుకు వేలిముద్ర వంటి హాష్ విలువను కూడా అందులో పేర్కొనాలి. ఫైలులో ఒక్క బిందువు మారినా హాష్ విలువ మారిపోతుంది. సీటీ చిత్రాలలో లేని గడ్డలను చేర్చి, ఉన్నవాటిని తొలగించి రేడియాలజిస్టులను సైతం పొరబడేలా చేయవచ్చని ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. ఈ నేపథ్యంలో హాష్ విలువను కేవలం లాంఛనంగా భావించరాదు.

7. వైకల్య శాతం నుంచి జీవనోపాధి నష్టం దాకా

నష్టపరిహారంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో (2010 అక్టోబరు) సుప్రీంకోర్టు మూడు అంశాలను వేరుచేసి చూపింది. ఒక అవయవానికి కలిగిన వైకల్యం వేరు, మొత్తం శరీరానికి కలిగిన వైకల్యం వేరు, సంపాదన శక్తికి కలిగిన నష్టం వేరు. ఎడమ చేయి కోల్పోయిన డ్రైవరు లేదా వడ్రంగి సంపాదన శక్తి దాదాపు పూర్తిగా పోవచ్చు. అదే గాయమైన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. అడిగిన వెంటనే ఇచ్చే వైకల్య ధ్రువపత్రాల పట్ల ట్రిబ్యునళ్లు జాగ్రత్త వహించాలని కూడా ఆ తీర్పు హెచ్చరించింది.

ఈ తేడా విలువను ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. నెలకు 9,000 రూపాయల ఆదాయం గల 38 ఏళ్ల వ్యవసాయ కూలీకి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగి అతుకు వంకరగా పడిందనుకుందాం. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల వారికి గుణకం 15. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని పక్కన పెడితే 9,000ను 12తో, 15తో గుణిస్తే 16,20,000 రూపాయలు. సంపాదన శక్తిలో నష్టం 10 శాతమని తేలితే పరిహారం 1,62,000. 30 శాతమని తేలితే 4,86,000. రెండింటికీ ఆధారం ఒకే ఎక్స్‌రే. మూడు లక్షలకు పైగా వచ్చిన తేడా ఫిల్మ్‌లో లేదు. ఆ మనిషి గట్టు మీద నడవగలడా, కూర్చుని కలుపు తీయగలడా, బరువుతో లేవగలడా అన్న ప్రశ్నలకు వైద్యుడు, తోటి కూలీలు, పనిలో పెట్టుకున్న రైతు చెప్పిన సమాధానాలలో ఆ తేడా ఉంది.

సదరం శిబిరంలో ఇచ్చే ధ్రువపత్రం పింఛను, రాయితీల వంటి సంక్షేమ ప్రయోజనాలకు ఉద్దేశించినది. అది వైకల్యాన్ని కొలుస్తుంది గాని ఫలానా ప్రమాదమే దానికి కారణమని చెప్పదు, బాధితుని వృత్తిపై దాని ప్రభావాన్నీ వివరించదు. కనుక దానికి తోడుగా చికిత్స చేసిన వైద్యుని వాంగ్మూలం అవసరమవుతుంది.

8. ఆచరణలో పాటించదగినవి

కాలం ఇక్కడ బాధితునికి ప్రతికూలంగా పనిచేస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, పిటిషను వేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు విధించింది. క్లిష్టమైన ఎముక గాయాలలో శాశ్వత వైకల్యం ఎంతో తేలడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు. కాబట్టి అందుబాటులో ఉన్న చిత్రాలతో పిటిషను వేసి, గాయం మానిన తరువాత తీసిన చిత్రాలను విచారణ దశలో సమర్పించడం యుక్తం.

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలో ఇవ్వాలి. వ్యాజ్యం మూడేళ్లు దాటి సాగడం అసాధారణమేమీ కాదు. కాబట్టి మొదటి నెలలోనే డైకామ్ ఫైళ్ల సీడీని, రేడియాలజిస్టు నివేదికను, కేసు షీటు నకలును రాతపూర్వకంగా కోరడం అవసరం. ఆరోగ్యశ్రీ కింద శస్త్రచికిత్స జరిగి ఉంటే ముందస్తు అనుమతి కోసం పంపిన చిత్రాలు ఆ పథకం రికార్డులోనూ ఉంటాయి; అసలు పోయినప్పుడు వాటిని తెప్పించమని కోరవచ్చు. ఇంట్లో దాచిన ఫిల్మ్‌ను వేడికి, తేమకు దూరంగా, మడవకుండా ఉంచాలి.

వైద్యుడు కోర్టుకు రావడం కష్టమైన విషయమని రాజ్‌కుమార్ తీర్పు గుర్తించింది. ముందుగా అనుకున్న తేదీ, సమయాల ప్రకారం విచారించడం, కమిషనరు ద్వారా ఆసుపత్రిలోనే వాంగ్మూలం నమోదు చేయడం వంటి మార్గాలను సూచించింది. దూరప్రాంత వైద్యులు చికిత్స చేసిన బోథ్ వంటి ప్రాంతాల కేసులకు ఈ సూచన ఎంతో ప్రయోజనకరం. ప్రత్యేక పరిజ్ఞానం గలవారిని సహాయకులుగా నియమించుకునే అధికారం 169(3) సెక్షను కింద ట్రిబ్యునల్‌కు ఉంది. రెండు పక్షాల వైద్యులు ఒకే ఫిల్మ్‌ను రెండు విధాలుగా చదివినప్పుడు తటస్థ రేడియాలజిస్టు అభిప్రాయం వివాదాన్ని కుదించగలదు.

9. ముగింపు

వైద్య చిత్రాన్ని మాట్లాడే సాక్షిగా భావించడం అలవాటైంది. నిజానికి అది ఇతరులు చదివి చెప్పవలసిన పత్రం. విరిగిన ఎముకను అది చూపుతుంది. గుర్తింపును రిజిస్టరు, కాలాన్ని వైద్య చరిత్ర, అర్థాన్ని రేడియాలజిస్టు, బతుకుపై పడిన దెబ్బను బాధితుడు, అతని పని తెలిసినవారు రుజువు చేయాలి. నగరంలోని పెద్ద ఆసుపత్రిలో ఈ ఆధారాలు చాలావరకు ఒకే కప్పు కింద దొరుకుతాయి. బోథ్ నుంచి బయలుదేరిన క్షతగాత్రుని విషయంలో అవి రెండు మూడు పట్టణాలలో, కొన్నిసార్లు రెండు రాష్ట్రాలలో చెల్లాచెదురుగా ఉంటాయి. ఎక్కువ పరిహారం అవసరమైన శ్రమజీవికే వాటిని కూడగట్టే శక్తి తక్కువగా ఉండడం ఇక్కడి ప్రధాన వైరుధ్యం. డిశ్చార్జ్ రోజున చిత్రాల ఫైళ్లను, నివేదికను ఒకే కట్టగా రోగి చేతికి ఇచ్చే పద్ధతి ఆసుపత్రులలో స్థిరపడితే, న్యాయసేవాధికార సంస్థల అవగాహన సదస్సులలో ఈ విషయం చోటు చేసుకుంటే, ఆ వైరుధ్యం కొంతవరకైనా తగ్గుతుంది. వైద్య, న్యాయ, సామాజిక శాస్త్ర పరిశోధకులు కలిసి జిల్లా ట్రిబ్యునళ్ల తీర్పులలో వైద్య చిత్రాల వినియోగాన్ని అధ్యయనం చేస్తే ఈ దిశలో మరింత స్పష్టత వస్తుంది.